కొయ్యసామానులకు ఏ పూత వేయవలెను?



ఈ వేసవిలో మా యూరి వడ్రంగి మాయింటికి టేకుకొయ్యతో మూడు వస్తువులు చేసి యిచ్చెను. మా పెద్దమ్మాయికి వ్రాతబల్ల, వంటయింటికి ఎత్తుపీట, మా తల్లి లేనందున పురిటికి మాయింటికే రానున్న చెల్లెలికొఱకు తొట్టియుయ్యాల. పూతపని తనకు తీరదని చెప్పి పచ్చికొయ్యగానే దింపిపోయెను. ఆ పని నేనే చేసితిని. చేసి తెలిసికొన్నదానిని, పొరబడినదానిని గూడ, ఈ మాసము వ్రాయుచున్నాను.

ఏ పూత యెక్కువ మెఱయునని మనవా రెల్లరు మొదట అడుగుదురు. ఆ వస్తువుమీద దినదినము ఏమి పడును, దానిని ఎవరు తాకుదురు అని ముందు విచారింపవలెను. వేడిగిన్నె దించు పీటకును, పసిబిడ్డ నోట బెట్టుకొను కఱ్ఱకును ఒక్కటే పూత యెట్లు తగును?

పూత యేదైనను కొయ్యను నున్న చేయక తప్పదు. వడ్రంగు లుప్పుకాగిత మనెడి గరుకుకాగితము 120వ సంఖ్యది మొదట, 180, 220 తరువాత, కొయ్యచారల వెంబడియే రుద్దవలెను. అడ్డముగ రుద్దిన గీతలు పూత వేసినపిదప బయటపడి యెగతాళి చేయును. పిమ్మట తడిబట్టతో తుడిచి ఆరనిచ్చిన కొయ్యనూగు లేచి నిలుచును; దానిని మరల సన్నకాగితముతో తీసివేయవలెను. టేకులో స్వభావముగనే నూనె యుండుటచే పూత సరిగా అంటదు. కావున పూతకు ముందు స్పిరిటుతో నొకమారు తుడుచుట మేలు.

నాకు లక్కపూతయం దభిమానము మెండు. మోదుగ, రేగు మొదలగు చెట్లపై బ్రతుకు పురుగు లిచ్చు వస్తువది. మన ఏటికొప్పాక బొమ్మల మెఱుగంతయు లక్కదే. లీటరు స్పిరిటులో పావుకిలో లక్కరేకులు రాత్రి నానవేసి, ఉదయమున వడగట్టి, పాతపంచెగుడ్డలో దూది చుట్టి పలుచగా పూయవలెను. గంటలోపల ఆరును. గీత పడినను చింత లేదు, క్రొత్తపూత పాతదానిని కరగించి కలిసిపోవును. దోషములును కలవు. మావారు బల్లపై కాఫీగ్లాసు వేడిగా పెట్టి నాలుగు దినములలో తెల్లని సున్న చుట్టిరి. ముసురుదినములలో పూసినచో పూతయంతయు తెల్లబారును. కలిపిన లక్క నెలల తరబడి నిలువయున్న గట్టిపడు గుణము పోవును. నేను మొదట అంగడిలో కొన్న సీసా అట్టిదే. మూడు దినములైనను బల్ల చేతికి జిగురుగ నంటెను. అంతయు తుడిచివేయవలసి వచ్చెను. అది మొదలు రేకులే కొని, కావలసినంతయే కలుపుకొని, గాజుముక్కపై పూసి పరీక్షించుచున్నాను.

వంటయింటి పీటకు అవిసెనూనె పట్టింపదలచితిని. కొబ్బరినూనెగాని వేరుసెనగనూనెగాని రాయకుడు, అవి యెన్నటికిని గట్టిపడవు, మక్కువాసన వచ్చును. అవిసెనూనె గాలిని పీల్చి గట్టిపడును. పీల్చునపుడు వేడి పుట్టును. ఈ సంగతి పుస్తకములో చదివియుండియు నేను లక్ష్యపెట్టనైతిని. నూనె తుడిచిన గుడ్డలను ముద్దచేసి గంపలో పడవేసి, అన్నము తిని నడుము వాల్చితిని. మూడుగంటలవేళ మా అత్తగారు కమురువాసన యని కేక వేసిరి. చూతునుగదా, గంపలోనుండి పొగ! నిప్పు చూపినవారు లేరు. గుడ్డల నడుమ పుట్టిన వేడి వెలికి పోలేక తానే రాజుకొనినది. ప్రక్కనే స్పిరిటుసీసా యుండెను. అత్తగారు గంపను పెరటిలోనికి ఈడ్చి బిందెడు నీరు గ్రుమ్మరించిరి. మహాభారతములోని లక్కయింటికి నిప్పు పెట్టుట కొకడు కావలసివచ్చెను. నా గంపకు వాడును అక్కఱలేకపోయెను. అట్టి గుడ్డలను ఆరుబయట ఒక్కొక్కటిగ పఱచి ఆరవేయుడు, లేదా నీటిలో ముంచి యుంచుడు. స్పిరిటు వాడునపుడు ఆ గదిలో పొయ్యి, దీపము, అగరువత్తి యేదియు వలదు.

తుదకు పీటకు పాలియురిథేను వార్నిషు వేసితిని. నీటికి, వేడికి అది లక్కకంటె చాల ఓర్చును. గీతపడినచో బాగుచేయుట మాత్రము కష్టము. చపాతీపీటకును కత్తిపీటపలకకును ఏ వార్నిషును వలదు.

ఇక తొట్టి. ఎఱ్ఱరంగు శుభమనియు, అటుకమీద రంగుడబ్బా యుండనే యున్నదనియు అత్తగారి కోరిక. ఆ డబ్బా మా మామగారి నాటిది. గృహములకు వాడు రంగులలో సీసము పదిలక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదను నిబంధన మనదేశమున 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. అంతకు పూర్వపు డబ్బాలో సీస మెంత యుండునో ఎవరు చెప్పగలరు? దంతములు వచ్చు బిడ్డ తొట్టియంచును కొఱుకకుండ నుండదు. సీసము కొంచెమైనను పసివాని బుద్ధివికాసమును చెఱచును. పాతరంగు సామానును పొడిగా గీకుటయు కూడదు, ఆ ధూళియే కడుపులోనికి పోవును.

అత్తగారితో వాదింపలేదు. గంప సంగతి జరిగిన మఱునాడు నాకంత నోరెక్కడిది? మాత్రలమీద మెఱుగుకు శుద్ధిచేసిన లక్క పూయుదురని మాత్రము చెప్పితిని. ఆమె కొంతతడవు ఊరకుండి, అట్లయిన లక్కయే వేయుమనిరి. అంచులకు నాలుగు పలుచని పూతలు వేసి, స్పిరిటువాసన పూర్తిగ పోవువఱకు వసారాలో నుంచితిని. కాళ్లకు ఆమెయే పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టిరి. ఎఱుపు ముచ్చట అట్లు తీరినది.

వ్రాతబల్ల అడుగుభాగమునకు పూత యింకను మిగిలియున్నది. కనబడదుగదా యని విడువరాదు. ఒకవైపే పూసిన పలక తేమను ఎక్కువతక్కువగా పీల్చి వంగిపోవును. వానలు వెలిసి నాలుగు దినములు ఎండ కాచిన అదియు ముగింతును.