శ్మశానము దయాధర్మము కాదు

పురుటికి సాయము పోవువారు, పెండ్లికి పందిరి వేయువారు మన పేటలలో ఎందరో కలరు. పాడె మోయుటకును నలుగురు దొరకకపోరు. కాని ఆ పాడె చేరవలసిన నేల ఏ లెక్కలో ఉన్నది, దానిని బాగుచేయవలసినవారెవరు, అచ్చట పుస్తకములో పోయినవాని పేరు ఎట్లు ఎక్కుచున్నది అని అడుగువారు మాత్రము కానరారు. అశుభమని మాట దాటవేయుట మనకు తరతరముల అలవాటు. ఆ అలవాటు వలన నష్టపడుచున్నది చచ్చినవారు కారు. వారి వెనుక మిగిలిన ఆడవారును, పిల్లలును.

ఒక వాదము మన పెద్దలనుండియే వినవచ్చుచుండును. శ్మశానము కులము సొత్తనియు, కులమువారు చందాలు వేసి గోడ కట్టుకొందురనియు, మునిసిపాలిటీని వేడుకొన నేల అనియు వారందురు. వినుటకు ఈ మాటలో ఆత్మగౌరవము ధ్వనించును. చట్టము చదివినవారికి మాత్రము ఇది చేతిలోని హక్కును తామే జారవిడుచుకొను మాటగా తోచును.

చట్టమేమి చెప్పుచున్నది? షోలాపురమునకు 1852లోనే మునిసిపాలిటీ ఏర్పడినది. 1964 మే 1న అది నగరపాలక సంస్థ అయినది. దానిని నడుపు చట్టము 1949 నాటిది. బొంబాయి ప్రాంతీయ నగరపాలక సంస్థల చట్టమని పుట్టి, నేడు మహారాష్ట్ర పేరుతో వ్యవహరింపబడుచున్నది. ఆ చట్టము నగర సంస్థ పనులను రెండుగా విభజించినది. కొన్ని చేసి తీరవలసినవి. కొన్ని ఇష్టమైనచో చేయదగినవి. గ్రంథాలయములు, మ్యూజియములు రెండవ తరగతివి. మృతుల అంత్యక్రియలకు స్థలములు ఉంచుట, అవసరమైనచో క్రొత్తవి కల్పించుట మొదటి తరగతిలోనిది. అదే చట్టము ప్రకారము అట్టి స్థలము రిజిస్టరు కావలెను. అనుమతి లేక క్రొత్తది తెరువరాదు. ఆరోగ్యమునకు హానికరమని తోచినదానిని మూయించవచ్చును. అనుమతించిన చోట తప్ప మరియొకచోట పూడ్చుటగాని కాల్చుటగాని నేరము.

మరెక్కడను కాల్చరాదని శాసించువాడు, ఇక్కడ సక్రమముగా కాల్చుకొనుటకు నీడ, నీరు, దీపము ఇచ్చి తీరవలెను గదా! నిషేధము సర్కారుది, ఖర్చు మాత్రము కులముదా? వానకాలమున తడిసిన కట్టెలపై కిరసనాయిలు పోయుచు కొడుకు కూర్చుండుట కులాచారమని మన శాస్త్రములలో ఎచ్చటను లేదు. చితికి సామాన్యముగా మూడు నుండి నాలుగువందల కిలోల కట్టె కావలెను. దినమంతయు మరమగ్గము నడుపువానికి, వేయి బీడీలు చుట్టు స్త్రీకి ఆ కట్టె వెల ఎన్ని దినముల కూలియో ఎవరి ఇంట వారు లెక్క వేసికొనవచ్చును.

అక్కలకోట రోడ్డున శాంతి చౌకు వద్దనున్న పద్మశాలి శ్మశానభూమి మన పూర్వభాగమున ఎల్లరకును తెలిసినదే. మన కుటుంబములలో దహించువారును కలరు, పూడ్చువారును కలరు. దహించు ఇండ్లలోను పసిబిడ్డలను మట్టికే అప్పగింతుము. కావున విద్యుత్ కొలిమి యొకటి నిలిపినంతనే పని తీరినదనుకొనరాదు. పూడ్చువారికి నేల కావలెను. ఆ నేలకు కొలతలు, హద్దులు కాగితముమీద నుండవలెను. సిటీ సర్వే ఉతారాలో ఆ స్థలము ఎవరి పేరనున్నది, ఏ ఉపయోగమునకు చూపబడినది అని తీసి చూచినవారు మనలో ఎందరు? నోటిమాటమీద నిలిచిన శ్మశానము నగరము పెరిగిన కొలది కుంచించుకొనిపోవును. రోడ్డు వెడల్పునకు కొంత, ప్రక్క ప్లాటువాని గోడకు కొంత పోవును. పోయిన పిదప సమాధులు సాక్ష్యము చెప్పజాలవు.

మర్యాదతో సాగనంపబడుట హక్కేగాని దయ కాదని న్యాయస్థానములు చెప్పియున్నవి. 2020 మార్చి 30న ముంబయి నగరపాలక సంస్థ, కోవిడ్ వలన మరణించిన వారినందరిని ఏ మతస్థులైనను దహింపవలెనని ఆజ్ఞ ఇచ్చి, అదేదినమున సవరించుకొనెను. పిమ్మట బాంద్రాలోని ఖననస్థలముల వివాదమున, అదే సంవత్సరము మే 22న, బొంబాయి హైకోర్టు తీర్పు చెప్పుచు గౌరవముగా భూస్థాపితుడగుట రాజ్యాంగములోని 21వ అధికరణము క్రింది హక్కులో భాగమని పలికెను. అంతకు పూర్వము 1995లోనే సుప్రీంకోర్టు ఆ అధికరణము చెప్పు గౌరవము మృతదేహమునకును వర్తించునని చెప్పియుండెను.

కులము సొత్తు అను వాదములో మరియొక విషము కూడ కలదు. 2025 జనవరి 7న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము బస్తరు ప్రాంతమున ఒక క్రైస్తవ బోధకుడు మరణించెను. ఊరి శ్మశానమున స్థలమీయరాదని గ్రామస్థులు పట్టుబట్టగా దేహము జనవరి 27 వరకు శవాగారమున నుండెను. సుప్రీంకోర్టున ఇద్దరు న్యాయమూర్తులును భిన్నాభిప్రాయములు వెలిబుచ్చిరి; దేహమును ఇక ఉంచరాదని ఇరువదికి పైగా కిలోమీటర్ల దూరమున క్రైస్తవులకు కేటాయించిన చోట పూడ్చుమనిరి. ఇది పరుల కథ అని మనవారు అనుకొనరాదు. తెలుగు మాటాడు ప్రతి కులమునకును ఈ పట్టణమున వేరుగా నేల లేదు. మన గోడలోపల మనమే తాళము వేసినచో, రేపు మరియొకరి గోడ వెలుపల మనవాడే నిలువవలసివచ్చును.

ఇక పేరు సంగతి. ఇది చిన్న విషయమనువారితో మేము ఏకీభవింపజాలము. మన ఇంటిపేరు ముందు, పేరు తరువాత. మరాఠీ మర్యాదలో ఇంటిపేరు చివర, నడుమ తండ్రిదో భర్తదో పేరు. మన పేర్ల చివరి అకారమును మరాఠీ నాలుక మ్రింగివేయును. వ్రాయు చేతికిని అదే అలవాటు. హ్రస్వమైన ఎ, ఒ లకు దేవనాగరి వ్రాతలో వేరక్షరము వాడుకలో లేదు. ఇట్లుండగా ఎల్లవ్వ రేషను కార్డులో యల్లవ్వ, బ్యాంకులో యల్లమ్మ, మృత్యు దాఖలాలో యల్లుబాయి అగుటలో ఆశ్చర్యమేమున్నది? బీడీ కార్ఖానా ప్రావిడెంటు ఫండు కొరకు కుమార్తె పోయినపుడు ముగ్గురు స్త్రీలలో మరణించినదెవరని గుమాస్తా అడుగును. షోలాపూరు చద్దరు పేరును ఇతరులు వాడరాదని భౌగోళిక గుర్తింపు చట్టము రక్షించుచున్నది. చద్దరు నేసినవాని పేరునకు అంతపాటి రక్షణయు లేకపోయెను!

గుమాస్తానే తిట్టి ప్రయోజనము లేదు. 1969 నాటి జనన మరణ నమోదు చట్టము మరణవార్తను 21 దినములలో నమోదు చేయింపవలెననును. ఏడాది దాటినచో మేజిస్ట్రేటు ఆజ్ఞ కావలసివచ్చును. తప్పు పడినచో దిద్దు అధికారమును అదే చట్టము రిజిస్ట్రారునకు ఇచ్చినది. వార్త ఇచ్చినవానికి నమోదు నకలు ఉచితముగా ఈయవలెనని కూడ అందులోనే ఉన్నది. నకలు చేతికి వచ్చిన దినముననే చదివి చూచుకొనక, అయిదేండ్లకు పింఛను ఆగినపుడు ఏడ్చుట మనవారి తప్పు. మరి యొక మాట: శ్మశానము కాపరిగాని యజమానిగాని ప్రతి మరణమును రిజిస్ట్రారునకు తెలుపవలెనని ఆ చట్టమే నిర్దేశించినది. నేల మాదే అని రొమ్ము విరుచుకొను పెద్దలు ఈ బాధ్యతయు తమదేనని ఎరుగుదురా?

మరాఠీతో మనకు వైరము లేదు. వందేండ్లకు పైబడి ఈ నేల నీరు త్రాగితిమి. మన పిల్లలు ఆ భాషలోనే పరీక్షలు వ్రాయుచున్నారు. స్థానిక సంస్థల వ్యవహారము మరాఠీలో సాగవలెనని 2022లో రాష్ట్ర శాసనసభ చట్టము చేసినది, సాగనిండు. రిజిస్టరులో మరాఠీ పేరు ప్రక్కన, ఆధారు కార్డులోని అక్షరక్రమమును అట్లే ఎక్కించుటకు ఒక గడి చాలును. దీనిని అడుగుటకు మనకు రాజ్యాంగములోని 350వ అధికరణము తోడున్నది. తన కష్టమును రాష్ట్రమున వాడుకలోనున్న ఏ భాషలోనైనను అధికారికి విన్నవించుకొను హక్కు ప్రతివానికి అది ఇచ్చినది.

అమెరికాలో అంత్యక్రియలు జరుపు వ్యాపారసంస్థలు పెట్టెకు ఇంత, బండికి ఇంత అని ప్రతి వస్తువునకును వేరువేరుగా ధర చూపు పట్టిక ఈయవలెనని 1984 నుండి నియమమున్నది. దుఃఖములో బేరమాడు నోరు ఎవరికినుండదని ఆ వ్యాపారదేశము కూడ గ్రహించినది. మన ద్వారమున కట్టెకు, గొయ్యి త్రవ్వుటకు ధర వ్రాసిన పలక యొకటి నిలుపుట అంత గొప్ప పనియా? కార్మిక బీమా క్రిందికి వచ్చువారికి అంత్యక్రియల ఖర్చు రూ. 15,000 వరకు దొరకును. కాని అది సామాన్యముగా పదిమందికి తక్కువ కాక పనివారున్న చోట్లకే. నాలుగు మరమగ్గముల కొట్టులో పనిచేయువాడు ఆ లెక్కకు రాడు.

మనవారు విడిచి వచ్చిన తెలంగాణ పల్లెల సంగతి చూడుడు. 2019లో మొదలైన పల్లె ప్రగతి క్రింద అచ్చట ఊరూర వైకుంఠధామము కట్టు పని చేపట్టిరి. అన్నియు బాగున్నవని మేమనము. కాని అది పంచాయతీ పని అని ఒప్పుకొనిరి. ఇక్కడనో, కుంభారి వద్ద బీడీ కార్మిక స్త్రీలకు 2006లో పదివేల ఇండ్లు లేచినవి. రాయ్‌నగరున 2024 జనవరిలో మరి పదిహేనువేల ఇండ్లకు తాళములిచ్చిరి. అంతమంది బ్రతుకుటకు పటములు గీసిరి. వారందరును ఏదో ఒకనాడు చావవలసినవారే గదా, ఆ పటములో కాటికి చోటెంత అని అడిగిన మన నాయకుడెవరు? ఆ ఇండ్లు నగరపు హద్దులకు వెలుపలివి. అచ్చట గ్రామపంచాయతీ చట్టము వర్తించును. కావున అర్జీ అక్కడికి వేరు, ఇక్కడికి వేరు.

శ్మశానము ఉతారా నకలు, హద్దుల కొలత, ధరల పలక, రిజిస్టరులో పేరునకు గడి, పూడ్చువారికి ప్రత్యేక స్థలము, ఇవి కోరుచు మహజరులు రెండు తెలుగులోను మరాఠీలోను వ్రాయించి సంఘ కార్యాలయమున ఉంచితిమి. వ్రాలు చేయువారు తమ ఇంటిపేరును ఏ అక్షరములతో రిజిస్టరున చూడగోరుదురో ఆ అక్షరములతోనే వ్రాయవలెనని కోరుచున్నాము.