నూటికి డెబ్బై: పాసా, ఫెయిలా?

"దానికి పదికి ఏడే వచ్చాయి నాన్నా, అది చెత్త గేము." దోహాలో మన ఇళ్ళల్లో ఈ మాట వినని తల్లిదండ్రులు అరుదు. మనకు చిత్రంగానే ఉంటుంది. మన రోజుల్లో పదో తరగతిలో 35 వస్తే పాసు, 60 వస్తే ఫస్టు క్లాసు. డెబ్బై తెచ్చుకున్నవాణ్ణి చెత్త అన్నవారు లేరు. మరి పిల్లలు అంటున్నది తప్పా? పూర్తిగా కాదు.

2001లో మొదలైన మెటాక్రిటిక్ అనే సంస్థ విమర్శకుల మార్కులన్నీ పోగుచేసి, నూటికి ఇంత అని ఒక్క అంకె కట్టి చూపిస్తుంది. అక్కడ సినిమాకి 61 వస్తే చాలు, ఆకుపచ్చ రంగు వేస్తారు. వీడియో గేముకి 75 రావాలి. అంటే 70 వచ్చిన సినిమా ఆకుపచ్చ, 70 వచ్చిన గేము పసుపు. అంకె ఒకటే, కొలబద్ద వేరు. పైగా అది మామూలు సగటు కాదు. కొన్ని పత్రికల మాటకు బరువెక్కువ, కొన్నింటికి తక్కువ. ఎవరి బరువెంతో బయటపెట్టరు.

ఆ అంకెమీద పనివాళ్ళ చేతికొచ్చే డబ్బూ ఆధారపడుతుంది. 2010లో వచ్చిన 'ఫాలౌట్: న్యూ వేగాస్' తయారుచేసిన అబ్సిడియన్ కంపెనీకి 85 వస్తే బోనసు అని ఒప్పందం. వచ్చింది 84. ఒక్క మార్కుతో బోనసు పోయిందని ఆ కంపెనీ పెద్దల్లో ఒకరైన క్రిస్ అవెలోన్ 2012లో చెప్పారు.

పోనీ, ఆడినవాళ్ళు వేసే మార్కులు నమ్ముదామా? 2020 జూన్‌లో 'ది లాస్ట్ ఆఫ్ అస్' రెండో భాగం విడుదలైన రోజే వేలమంది సున్నాలు పెట్టారు. అది పూర్తిచెయ్యడానికే ఇరవై గంటల పైన పడుతుంది! మరుసటి నెలలో, విడుదలైన 36 గంటల దాకా ఆటగాళ్ళ మార్కులు తీసుకోమని మెటాక్రిటిక్ నియమం పెట్టింది.

ఆస్పత్రిలో మాకు రెండు రకాల అంకెలుంటాయి. థర్మామీటరు 39 డిగ్రీలు చూపిస్తే అది ఎవరికైనా జ్వరమే. "నొప్పి పదికి ఎంత?" అని అడిగితే మాత్రం, ఒకే రకం దెబ్బకు ఒకరు 4 అంటారు, ఇంకొకరు 9 అంటారు. అందుకే ఒకరి అంకెను మరొకరి అంకెతో పోల్చం. అదే మనిషి నిన్న ఎంతన్నాడు, ఇవాళ ఎంతంటున్నాడు అని చూస్తాం. ఎక్కడ, ఎలా ఉందో మాటల్లో చెప్పించుకుంటాం. గేము మార్కు ఈ రెండో రకం. పిల్లలు దాన్ని థర్మామీటరనుకుంటున్నారు.

కనుక అంకె చూసి ఆగవద్దనండి. తన అభిరుచికి దగ్గరగా ఉన్న ఒక విమర్శకుణ్ణి ఎంచుకుని, అతను రాసిన మాటలు చదవమనండి. ఆడిన తరువాత "నీకేం నచ్చింది, ఎందుకు?" అని అడగండి.

ఇంకొక్క మాట. పరీక్షలో 94 తెచ్చిన పిల్లవాణ్ణి "మిగతా ఆరూ ఎక్కడ పోయాయి?" అని నిలదీసే ఇళ్ళు మనలో తక్కువేమీ కావు. ఏడంటే చెత్త అనే లెక్క పిల్లలు గేముల దగ్గరే నేర్చుకున్నారంటారా?