ఆ వ్యాసాన్ని ఎవరు పరీక్షించారు?



మధుమేహాన్ని మూలం నుండి నయం చేస్తామనే కరపత్రాలు మా మురమళ్ళ దాకా వస్తున్నాయి. అడుగున “అంతర్జాతీయ జర్నల్‌లో ప్రచురితం” అని ఒక పంక్తి ఉంటుంది. ఆ పంక్తిని నమ్మి మందులు మానేసేవారు ఉన్నారు గనుకనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మంచి వైద్య పత్రికకు వ్యాసం అందగానే సంపాదకుడు దానిని ఆ విషయంలో అనుభవం గల ఇద్దరు ముగ్గురు నిపుణులకు పంపుతాడు. పరీక్షించిన రోగుల సంఖ్య చాలునా, పోల్చి చూచుటకు మరొక బృందం ఉన్నదా, లెక్కలు సరిపోయినవా, నైతిక సంఘం అనుమతీ రోగుల సమ్మతీ తీసుకున్నారా అని వారు నిలదీస్తారు. దీనినే పీర్ రివ్యూ అంటారు. దీనికి నెలలు పడుతుంది. చాలా వ్యాసాలు తిరిగివస్తాయి కూడా.

ఈ పరీక్ష జరగకుండానే జరిగినట్లు చెప్పుకొనే పత్రికలున్నాయి. దూరం పోనక్కరలేదు. హైదరాబాదు కేంద్రంగా వందలాది జర్నళ్లు నడిపిన ఓమిక్స్ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. సమీక్ష చేస్తామని చెప్పి చేయకపోవడం, అనుమతి లేకుండా శాస్త్రవేత్తల పేర్లను సంపాదకులుగా చూపడం, రుసుము సంగతి ముందుగా చెప్పకపోవడం అందులోని అభియోగాలు. సంస్థ వాటిని ఖండించింది. అయినప్పటికీ 2019 మార్చిలో నెవాడాలోని ఫెడరల్ న్యాయస్థానం 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని ఆదేశించింది.

అంతకుముందే, 2013లో, జాన్ బొహానన్ అనే విలేఖరి క్యాన్సర్ మందు పేరుతో కావాలనే తప్పులతడకగా ఒక వ్యాసం అల్లి 304 పత్రికలకు పంపాడు. 157 పత్రికలు అంగీకరించాయి. వాటిలో అన్ని దేశాలకంటె మన దేశపువే ఎక్కువ.

ఇందుకు ప్రచురణకర్తలనొక్కరినే నిందించలేను. వైద్య కళాశాలల్లో పదోన్నతికి వ్యాసాలు తప్పనిసరి చేశారు. పగలంతా ఓ.పీ. చూసి, రాత్రి డ్యూటీ చేసే అధ్యాపకుడికి పరిశోధనకు తీరిక ఎక్కడిది? డబ్బు కట్టి అచ్చు వేయించుకుంటాడు. తెలియక మోసపోయినవారూ ఉన్నారు, తెలిసి వెళ్ళినవారూ ఉన్నారు. నష్టం మాత్రం ఆ వ్యాసం చూపి మందు అంటగట్టబడిన రోగిది.

పెద్ద పత్రికలు పొరబడవా? పొరబడతాయి. కోవిడ్ కాలంలో హైడ్రాక్సీక్లోరోక్విన్‌పై లాన్సెట్ 2020 మే 22న ప్రచురించిన వ్యాసాన్ని జూన్ 4న ఉపసంహరించారు. మూల సమాచారం చూపమని ఇతర శాస్త్రవేత్తలు పట్టుబట్టడమే కారణం. రెండు వారాల్లో తప్పు బయటపడింది. దొంగ పత్రికలో అడిగే నాథుడే ఉండడు.

కొబ్బరితోట కొనేముందు ఈసీ తీయిస్తాం కదా! మందుకూ అటువంటి దస్తావేజు ఒకటి ఉన్నది. మన దేశంలో మనుషులపై జరిగే ఔషధ ప్రయోగాలను నమోదు చేసే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీని ఎవరైనా ఇంటర్‌నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. నమోదైనంత మాత్రాన మందు పనిచేస్తుందని అర్థం కాదు. ఎవరు, ఎక్కడ, ఎందరిపై ప్రయోగించారో తెలుస్తుంది. కరపత్రం ఇచ్చినవారిని ఆ నమోదు సంఖ్య అడగండి. జవాబు వచ్చేదాకా వాడుతున్న మాత్రలు మానవద్దు; ఇన్సులిన్ అయితే ఒక్క పూట కూడా.