ఓడిన పూట కూడా మైకు ముందుకి రావాల్సిందేనా?

ఈ వారం ఉత్తరాల కట్ట విప్పితే ఎప్పటిలాగే సగం 'ఫలానా హీరో తరవాతి సినిమా ఏది?', పావు వంతు 'ఫలానా హీరోయిన్ పెళ్ళెప్పుడు?' (ఆ సంగతి ఆవిడకే తెలీదు, నాకెలా తెలుస్తుంది నాయనా!). మిగిలినవాటిలో ఒక్కటి మాత్రం కింద పెట్టబుద్ధి కాలేదు. కొయ్యూరు నుంచి వచ్చింది. కొయ్యూరంటే మన పాఠకులకి పరిచయం చెయ్యక్కర్లేదు. 1924 మే 7న అల్లూరి సీతారామరాజు నేలకొరిగింది అక్కడే. 1974లో కృష్ణగారు ఆ కథని సినిమాస్కోపులో చూపించాక ఆ కొండలు మనకి మరీ దగ్గరయ్యాయి. 2022 నుంచి ఆ జిల్లాకే రాజుగారి పేరు.

ఉత్తరం రాసింది ఓ అమ్మాయి. హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, పరుగు పందేల్లో ఉంది. పేరు వెయ్యొద్దంది, వెయ్యను. ఏం రాసిందంటే: "అన్నగారూ, గెలిచినప్పుడు ఎలాగో ఒకలా మాట్లాడేస్తాను. మొన్న ఓడిపోయాక కూడా సెల్లు పట్టుకుని ముగ్గురు నలుగురు చుట్టూ మూగారు. ఎందుకు ఓడిపోయావు, ఇప్పుడెలా ఉంది అని అడిగారు. నోరు ఎండిపోయింది. ఏడుపొస్తే అదీ వీడియో తీశారు. పెద్ద పోటీలకి వెళ్తే ఇవన్నీ తప్పవనీ, విదేశాల్లో మాట్లాడకపోతే జరిమానా కూడా వేస్తారనీ మా సారు అన్నారు. నిజమేనా? అయితే నాకు పెద్ద పోటీలు వద్దు."

ఆ చివరి మాట దగ్గర ఆగిపోయాను. సినిమా పేజీలో ఆటల గొడవేమిటని మిగతావాళ్ళు విసుక్కోకండి. ఇది మన గొడవ కూడా. మైకు పట్టుకు తిరిగే జాతి మాది, ఆ మైకులోంచి వచ్చింది చదివే జాతి మీది!

ముందు మన సినిమావాళ్ళనే చూడండి. ప్రెస్ మీట్ ఎప్పుడు పెడతారు? టీజర్ వదిలినప్పుడు, ట్రైలర్ వదిలినప్పుడు, విడుదలకి నాలుగు రోజుల ముందు. సినిమా ఆడితే సక్సెస్ మీట్. (ఆడకపోయినా సక్సెస్ మీట్ పెట్టిన ఘనులున్నారు, అది వేరే కథ.) అంతేగానీ, శుక్రవారం మార్నింగ్ షో చూసి జనం పెదవి విరిచేస్తే, మ్యాట్నీ బెల్లు కొట్టేలోగా హీరోగారిని కుర్చీలో కూర్చోబెట్టి 'ఏమండీ, ఎందుకు పోయింది మీ సినిమా?' అని అడిగిన విలేకరిని నేనింతవరకూ చూడలేదు. ఆ వారమంతా హీరోగారి ఫోను పలకదు. మేమూ మర్యాదగా ఊరుకుంటాం. నయనతార సంగతైతే, ప్రచార సభలకి రారని పరిశ్రమంతటికీ తెలుసు. అయినా ఆవిడ సినిమాలేం ఆగలేదు కదా!

ఆటగాడికి ఈ సదుపాయం లేదు. అతని సినిమా అందరి కళ్ళెదుటా ఫ్లాపవుతుంది, చెమట ఆరకముందే మైకు దగ్గరికి నడవాలి.

ఇక నీ ప్రశ్న. మీ సారు చెప్పింది నిజమే అమ్మాయ్. టెన్నిస్‌లో గ్రాండ్‌స్లామ్ అనే నాలుగు పెద్ద పోటీలున్నాయి. వాటి నిబంధనల్లో స్పష్టంగా ఉంది: ఆట ముగిశాక అరగంటలోపు పత్రికలవాళ్ళ ముందుకి రావాలి, గెలిచినా సరే, ఓడినా సరే. రాకపోతే 20 వేల డాలర్ల దాకా జరిమానా. ఒక్క మినహాయింపు ఉంది. దెబ్బ తగిలి శరీరం సహకరించకపోతే రానక్కర్లేదు. అంటే చీలమండ బెణికితే సెలవు దొరుకుతుంది. మనసు బెణికితే? ఆ మాట రాసినవాళ్ళకి తోచలేదు.

2021 మే నెలలో ఈ లొసుగు బయటపడింది. జపాన్ అమ్మాయి నవోమి ఒసాకా, అప్పటికి ప్రపంచంలో రెండో ర్యాంకు, పారిస్‌లో ఫ్రెంచ్ ఓపెన్‌కి వెళ్తూ 'ఈసారి ప్రెస్ మీట్లకి రాను, జరిమానా వేసుకోండి' అని ముందే చెప్పేసింది. మే 30న మొదటి రౌండు గెలిచింది, చెప్పినట్టే వెళ్ళలేదు. 15 వేల డాలర్లు వేశారు. అప్పటి లెక్కన మన డబ్బుల్లో దాదాపు 11 లక్షలు. అంతటితో ఊరుకోలేదు. నాలుగు గ్రాండ్‌స్లామ్‌లవాళ్ళూ కలిసి, ఇలాగే చేస్తే పోటీలోంచే తీసేస్తామని ప్రకటన ఇచ్చారు. మర్నాడే ఆ అమ్మాయి తనంతట తాను తప్పుకుని వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ అసలు సంగతి చెప్పింది. 2018 యూఎస్ ఓపెన్ గెలిచినప్పటి నుంచీ డిప్రెషన్‌తో బాధపడుతున్నానని.

ఆ 2018 ఫైనల్ చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఎదుట సెరెనా విలియమ్స్, అంపైరుతో పెద్ద రభస, జనం అరుపులు. గెలిచిన పిల్ల కప్పు పుచ్చుకుంటూ టోపీ కళ్ళ మీదికి లాక్కుని ఏడ్చింది. గెలుపులో కూడా అలాంటి దెబ్బ ఉంటుందని మనకెప్పుడు తెలుస్తుంది? మూడేళ్ళ తరవాత వాళ్ళే చెబితే తెలుస్తుంది.

అయితే మరీ ఒకవైపే మాట్లాడను. ఆటగాళ్ళు మాట్లాడటం అన్యాయమేమీ కాదు. ఒకప్పటి మేటి క్రీడాకారిణి బిల్లీ జీన్ కింగ్ ఆ రోజుల్లోనే అన్నారు, మా కాలంలో పత్రికలే లేకపోతే మేమెవరమో ఎవరికీ తెలిసేది కాదని. నిజం. ఆడవాళ్ళ టెన్నిస్‌కి జనం, డబ్బూ వచ్చాయంటే అందులో రాసినవాళ్ళ పాలూ ఉంది. పెద్ద తారలు 'నా ఫేస్‌బుక్కులో నేనే రాసుకుంటాను' అని తలుపులు వేసుకుంటే, నష్టం పెద్ద ఛానళ్ళకి కాదు. బస్సు ఛార్జీ సొంతంగా పెట్టుకుని వచ్చి చివరి వరసలో నిలబడే చిన్న పత్రిక విలేకరికి నష్టం. ఇబ్బందైన ప్రశ్న అడిగేవాడే లేకపోతే ఆటల సంఘాల బాగోతాలు బయటికొచ్చేదెలా? కాబట్టి ప్రెస్ మీట్ ఎత్తెయ్యమని నేననను.

కానీ బలవంతపు మాటకి విలువెంతో కూడా చూడండి. అమెరికావాళ్ళ ఫుట్‌బాల్‌లో (మన ఫుట్‌బాల్ కాదు, బంతి చంకలో పెట్టుకు పరిగెత్తేది) మార్షాన్ లించ్ అనే ఆటగాడున్నాడు. ప్రెస్‌తో మాట్లాడనందుకు 2014లో లక్ష డాలర్లు జరిమానా వేశారు. 2015 జనవరిలో ఫైనల్‌కి ముందు బుద్ధిగా వచ్చి కూర్చున్నాడు. ఏ ప్రశ్న అడిగినా ఒకటే జవాబు: జరిమానా తప్పించుకోడానికి వచ్చాను. పాతిక సార్లకి పైగా అదే! మన రాజబాబు, రేలంగి బతికుంటే ఆ సీను ఎలా పండించేవారో గానీ, రాసుకోడానికి వచ్చినవాళ్ళకి మిగిలిందేమిటి?

సరే, ఇదంతా సముద్రాల అవతలి గొడవ. మన గడప దగ్గరికి వద్దాం.

సానియా మీర్జా. 2005 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో డబ్ల్యూటీఏ టైటిల్ గెలిచేనాటికి పద్ధెనిమిదేళ్ళు. మన దేశంలో ఇంకే ఆడపిల్లా అంతకుముందు సింగిల్స్‌లో అది గెలవలేదు. ఆ ఏడాదే ఆమె వేసుకునే స్కర్టు మీద రాద్ధాంతం, ఆ తరవాత ఏదో సభలో అన్న మాట మీద దిష్టిబొమ్మలు తగలెయ్యడం. 2008 మొదట్లో పెర్త్‌లో జాతీయ జెండా దగ్గర కాళ్ళు పెట్టి కూర్చున్నట్టు కనిపించే ఫోటో ఒకటొస్తే కేసు. ఆ ఫిబ్రవరిలో బెంగుళూరు పోటీకి రానని చెప్పేసింది. ఇండియాలో ఆడిన ప్రతిసారీ ఏదో ఒక తంటా వస్తోందని. సొంత దేశంలో ఆడటానికి భయపడిందండీ మన పిల్ల! ఆ ఆగస్టులో బీజింగ్ ఒలింపిక్స్‌లో మణికట్టు దెబ్బతో మొదటి రౌండులోనే ఆట మధ్యలో తప్పుకుంది. తరవాత మూడు నాలుగు నెలలు డిప్రెషన్‌లో ఉన్నానని చాలా ఏళ్ళకి గానీ చెప్పుకోలేదు. అప్పుడు మనమేం చదివాం? మణికట్టు ఎప్పుడు నయమవుతుందని.

డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది 2015లో. ఆ మర్నాటి ఏడు తన ఆత్మకథ విడుదల చేస్తే, పేరు మోసిన టీవీ జర్నలిస్టు అడిగిన ప్రశ్న: ఎప్పుడు స్థిరపడతారు, పిల్లల సంగతేమిటి? నంబర్ వన్ అయినా నేను స్థిరపడినట్టు మీకనిపించలేదా అని ఆవిడ నవ్వుతూనే అంటించింది. ఆయన అక్కడికక్కడే క్షమాపణ చెప్పాడు. మగవాళ్ళని ఇలా అడగను అని కూడా ఒప్పుకున్నాడు. అంతవరకూ పెద్దమనిషే. కానీ నాకు తట్టేదొకటుంది. అప్పటికి సానియాకి ఇరవై తొమ్మిదేళ్ళు, పదేళ్ళకి పైగా మైకుల మధ్య నలిగింది కాబట్టి అలా జవాబివ్వగలిగింది. అదే ప్రశ్న పద్ధెనిమిదేళ్ళప్పుడు పడితే?

ఇక మన పి.వి. సింధు. 2016 ఆగస్టు 19, రియో. కరోలినా మారిన్ చేతిలో ఫైనల్ ఓడి వెండి పతకం తెచ్చింది. అంతకు ముందు మూడు నెలలు ఆమె దగ్గర ఫోనే లేదు. గోపీచంద్ గారు తీసేసుకున్నారు. ఎంత కఠినుడో అని అప్పట్లో అందరం చిలవలు పలవలుగా రాసుకున్నాం. ఇప్పుడనిపిస్తుంది, ఆయన లాక్కున్నది ఫోను కాదు, బయటి గోలని అని. (ఆమె పతకం గెలిచిన పూట మనవాళ్ళలో చాలామంది ఇంటర్నెట్‌లో వెతికింది ఆమె కులమట. ఆ ఫోను ఆమె చేతిలో లేకపోవడమే మంచిదయింది!)

అక్కణ్ణించీ మొదలయింది. 2017లో గ్లాస్గో ప్రపంచ పోటీ ఫైనల్లో ఒకుహరతో 110 నిమిషాలు ఆడి, ఆఖరి గేము 22-20తో పోగొట్టుకుంది. 2018లో కామన్వెల్త్ ఫైనల్లో సైనా చేతిలో, ప్రపంచ పోటీల ఫైనల్లో మళ్ళీ మారిన్ చేతిలో, ఏషియన్ గేమ్స్ ఫైనల్లో తై జు యింగ్ చేతిలో ఓటమి. ప్రతి చోటా ఒకటే ప్రశ్న. 'ఫైనల్స్‌లో ఎందుకు ఓడిపోతున్నారు?' సిల్వర్ జూబ్లీ చేసుకున్న సినిమా హీరోని పట్టుకుని గోల్డెన్ జూబ్లీ ఎందుకు ఆడలేదని నిలదీసినట్టు! ఫైనల్ దాకా వచ్చినవాళ్ళు ప్రపంచంలో ఇద్దరే కదా అన్న లెక్క ఎవరికీ పట్టలేదు. అడిగినవాడికి అది మొదటిసారి కావచ్చు. వినేది మాత్రం ఆమె ఒక్కతే, వందోసారి.

2018 డిసెంబరులో చైనాలో వరల్డ్ టూర్ ఫైనల్స్ గెలిచాక ఆ పిల్ల నోట మొదట వచ్చిన మాటల్లో ఏముందో తెలుసా? ఇక ఆ ప్రశ్న ఎవరూ అడగరు అని. కప్పు కంటే ఆ ప్రశ్న వదిలిందన్న ఊరటే ఎక్కువైనట్టుంది. 2019 ఆగస్టు 25న బాసెల్‌లో అదే ఒకుహరని 21-7, 21-7తో చితక్కొట్టి ప్రపంచ ఛాంపియన్ అయ్యాక కూడా, పదే పదే అడిగినవాళ్ళకి ఇదే నా జవాబు, రాకెట్‌తో చెప్పాలనుకున్నాను అంది. మనం ఈలలు వేశాం, సినిమా డైలాగులా ఉందని. ఆ డైలాగు వెనక రెండేళ్ళ పాటు మింగిన చేదు ఎంతో లెక్క వేసినవాళ్ళు తక్కువ.

2020 నవంబరు 2న 'ఐ రిటైర్' అని పెద్దక్షరాలతో ఆమె ఒక ప్రకటన పెట్టింది. చాలాచోట్ల పై వాక్యం చూసి గుండెలు బాదుకున్నారు. కింది దాకా చదివితే ఉంది: ఆట నుంచి కాదు, భయం నుంచీ, నిరాశ నుంచీ, కరోనా కాలపు అశాంతి నుంచీ విరమిస్తున్నానని. శీర్షిక చదివి ఊరుకోవడం మనకున్న జబ్బు. ఆ జబ్బు నా వృత్తివాళ్ళకి ఇంకాస్త ఎక్కువ.

ఇంకొక్క అమ్మాయి గురించి చెప్పి తీరాలి. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి. మేధోపరమైన వైకల్యం ఉన్నవారి విభాగంలో 400 మీటర్లు పరిగెడుతుంది. 2024 మేలో జపాన్‌లోని కోబేలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు, ఆ సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కంచు పతకం. చిన్నప్పుడు ఊళ్ళో కొందరు ఆ పిల్లని ఏమని గేలి చేసేవారో ఆ తల్లిదండ్రులు బాధతో చెప్పుకున్నారు. మరునాటి నుంచి చూడండి, ఏ పేజీ తిప్పినా శీర్షికలో ఆ గేలి మాటే! ఊళ్ళోవాళ్ళు ఏనాడో మానేసిన మాటని మనం లక్షల ప్రతులేసి ఇంటింటికీ పంచాం. సానుభూతితోనే పంచాంలెండి. ఆ మాట నేనిక్కడ రాయను. 55.07 రాశాను, అది గుర్తుంచుకోండి.

కొయ్యూరు అమ్మాయీ, ఇప్పుడు నీకు. జరిమానాలూ నిబంధనలూ ఉన్నది డబ్బు తీసుకుని ఆడే పెద్ద పోటీల్లో. ఒలింపిక్స్‌లో కూడా ఆటయ్యాక విలేకరులుండే దారిలోంచి నడిచి వెళ్ళాలంటారు గానీ, ఆగి జవాబు చెప్పి తీరాలని లేదు. మండల పోటీల్లో సెల్లు పట్టుకొచ్చినవాడికి నువ్వు జవాబు బాకీ లేవు. 'ఇప్పుడు కాదన్నా, తరవాత మాట్లాడతా' అని చెప్పి మీ సారు దగ్గరికి వెళ్ళిపో. అది పొగరు కాదు. ఏడుస్తున్న చిన్నపిల్లని అడక్కుండా వీడియో తియ్యడం వాళ్ళ తప్పు, నీది కాదు. ఆ సంగతి వాళ్ళకి చెప్పాల్సింది మీ సారే. ఈ పేజీ ఆయనకి చూపించు.

ఒసాకా కూడా ఊరికే అలిగి కూర్చోలేదు. 2021 జులైలో ఓ పత్రికకి వ్యాసం రాస్తూ, ఉద్యోగులకి ఉన్నట్టే మాకూ ఏడాదికి కొన్ని సెలవు రోజులివ్వండి, ఆ రోజు ప్రెస్‌కి ఎందుకు రాలేదో వివరం అడక్కండి అంది. నాకిది న్యాయంగానే కనిపిస్తోంది. ఆగస్టులో మళ్ళీ ప్రెస్ ముందుకి వచ్చింది. ఒక ప్రశ్నకి కళ్ళనీళ్ళు తిరిగి బయటికెళ్ళి, కాసేపాగి తిరిగొచ్చి మిగతావాటికి జవాబులు చెప్పింది. మధ్యలో లేచి వెళ్ళినా ఆకాశమేం ఊడిపడలేదు చూశావా?

నిద్ర పట్టక, తిండి సయించక, పరుగు మాటెత్తితేనే గుబులుగా ఉంటే మాత్రం దాచుకోకు. టెలి మానస్ అని ప్రభుత్వం 2022లో పెట్టిన ఫోను సేవ ఉంది, నంబరు 14416, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. మీ వైపు సిగ్నల్ దొరకాలంటే ఏ గుట్ట ఎక్కాలో నాకంటే నీకే బాగా తెలుసు. పరిగెత్తే పిల్లవి కదా, ఎక్కు. పెద్ద పోటీలు వద్దన్న మాట మాత్రం ఇంకో ఏడాది ఆగి రాయి.