అన్నంలో చిటికెడు సముద్రం

"ఏందిది బిడ్డా, భద్రకాళి చెరువుల నాచు తెచ్చినవా?"

నోరి ప్యాకెట్ విప్పగానే అమ్మ అడిగిన మాట ఇది. సముద్రం ఎక్కడ, మా కాశిబుగ్గ ఎక్కడ! కానీ ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టడానికి నాకో కారణం ఉంది. అమ్మకు బీపీ. ఉప్పు తగ్గించమని డాక్టర్ చెప్పిన రోజు నుంచి సగం అన్నం కంచంలోనే వదిలేస్తోంది. "గడ్డి తిన్నట్టున్నది" అంటది.

పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అంటే ఒక టీస్పూను కూడా కాదు. మరి రుచి ఎలా? 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా, కొంబు అనే సముద్రపు నాచు ఉడికించిన నీళ్ల రుచికి గ్లుటమేట్ కారణమని తేల్చారు. ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టారు. మన టమాటాలో, ఎండు రొయ్యల్లో ఉన్నదీ అదే. అది తోడుంటే ఉప్పు తగ్గినా కూర మరీ చప్పగా అనిపించదు.

అన్నట్టు, నాచు మనకు కొత్తేం కాదు. స్వీట్లలో వేసే చైనా గ్రాస్ కూడా సముద్రపు నాచు నుంచి తీసిందే.

నేను చేసిన పొడి ఇదీ: నాలుగు స్పూన్ల నువ్వులు, రెండు చపాటా మిరపకాయలు, కొంచెం జీలకర్ర దోరగా వేయించాలి. చల్లారాక రెండు వెల్లుల్లి రెబ్బలతో బరకగా పట్టాలి. ఒక నోరి షీట్‌ను వేడి పెనం మీద అటూ ఇటూ తిప్పితే కరకరలాడుతుంది. దాన్ని చేత్తో నలిపి కలపాలి. ఉప్పు వేయొద్దు. పప్పన్నం మీద, అట్టు మీద అర స్పూను చాలు.

ఒక్క జాగ్రత్త. మొదట కొంబు కూడా కార్ట్‌లో పెట్టాను. అమ్మ పొద్దున్నే వేసుకునే థైరాయిడ్ గోలీ గుర్తొచ్చి తీసేశాను. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ సరిపోతుంది. కొంబు ఒక్క గ్రాములోనే అంతకు ఎన్నో రెట్లు ఉండొచ్చు. నోరిలో చాలా తక్కువ. అయినా డాక్టర్‌ని అడిగాకే అమ్మకు పెట్టాను. మీ ఇంట్లో థైరాయిడ్ ఉన్నవాళ్లుంటే మీరూ అడగండి. ఉప్పు, మసాలా ముందే కలిపిన నోరి స్నాక్స్ కొనకండి, లేబుల్ చూడండి.

నిన్న రాత్రి అమ్మ కంచం ఖాళీ. చెయ్యి కడుక్కుంటూ అడిగింది:

"ఆ చెరువు నాచు ఇంకున్నదా?"