గర్భసంచి తీయించుకొన్న పిదప నిద్ర



మొన్న మిరపకోతల దినములలో నొక కూలి యిల్లాలు మా వాకిట కూలబడి, "అమ్మగారూ, గర్భసంచి తీసి నెల దాటింది. కుట్లు మానినయ్. నాలుగు గిన్నెలు తోమేసరికి కాళ్లు తేలిపోతన్నయ్. రాత్రిళ్లు కన్ను మూతపడదు. మా అత్త బద్ధకమంటంది" అని కంటనీరు పెట్టుకొనెను. ఆమెకు ముప్పదియైదేండ్లైనను నిండలేదు.

పొన్నూరు పరిసరములం దిట్టివారు పెక్కుమంది కలరు. 2015-16 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో దేశమున నూటికి ఇంచుమించు 3 గురు ఈ శస్త్రచికిత్స చేయించుకొనియుండగా, ఆంధ్రప్రదేశమున దాదాపు 9 మంది యుండిరి. మేమును అందులోని వారమే. మూడవ వారమున నీళ్లబిందె నెత్తితిమి. ఆ సాయంత్రము మరల రక్తము కనబడగా మా యింటివారును మేమును హడలిపోతిమి.

పైకుట్లు మానినంత మాత్రమున లోపలి గాయము మానదు. పొట్ట కోసి చేసినచో ఆరు మొదలు ఎనిమిది వారములు పట్టును; అలసట అటుపైనను కొన్ని నెలలుండవచ్చును. అంతకుముందే నెలల తరబడి రక్తము పోయియుండుటచేత పలువురికి రక్తహీనత యుండును. అది బద్ధకము కాదు, అత్తగారలారా!

నిద్ర మాట వేఱు. గర్భసంచితోపాటు అండాశయములు రెండును తీసినచో ముట్లుడిగిన లక్షణము లొక్కసారిగా పైబడును. నడిరేయి ఒంట ఆవిరులెగసి, చెమటతో రవిక తడిసి మెలకువ వచ్చును. కావున ఆస్పత్రివా రిచ్చిన కాగితమున అండాశయముల సంగతి యేమి వ్రాసిరో చదివించుకొనవలయును. మాకెవ్వరును చెప్పలేదు, మేమును అడుగలేదు. నలుబదియైదేండ్లలోపు వానిని తీసినవారికి ఎముకల బలిమి కొఱకును, నిద్ర కొఱకును హార్మోను మందు తగునేమో వైద్యురాలు చెప్పగలదు. రొమ్ము క్యాన్సరు వంటివి కలవారికి అది పనికిరాదు.

మాకు మేలు చేసినవి స్వల్పములు. మధ్యాహ్నము అరగంటకు మించి నిద్రింపలేదు. మూడుగంటల తరువాత కాఫీ మానితిమి. (ఇది యన్నింటికన్న కష్టము.) ఉదయము ఎండ ముదురకముందు వీధి చివర వఱకు నడచితిమి. ప్రక్కకు పండుకొని మోకాళ్లనడుమ దిండుంచితిమి. దగ్గు వచ్చినపుడు మఱియొక దిండు పొట్టకదుముకొంటిమి. ఇనుము మాత్రను నిమ్మనీళ్లతో మ్రింగితిమి, కాఫీతో గాదు. జ్వరము, దుర్వాసనగల స్రావము, అధిక రక్తస్రావము, ఒక పిక్క వాచి నొచ్చుట, ఆయాసము — వీనిలో నేది కనబడినను తెల్లవారువఱకు ఆగరాదు.

ఆ యిల్లాలి కాగితము మేమే చదివితిమి. అండాశయములు రెండును తీసిరి. ఆమెకా సంగతి తెలియదు. అత్తగారిని పిలిపించి చెప్పగా నామె చాలసేపు మాటాడలేదు. పిదప, "మరి నీళ్లు నేను మోస్తాలే" అనెను. మరునా డిద్దఱును ప్రభుత్వాసుపత్రికి రక్తపరీక్షకు వెళ్లిరి.