రాత్రి కరెంటు లెక్కలో మన షెడ్డు కూడా ఉండాలి



బెంగళూరు నుంచి పావగడ వైపు వెళ్లినవాళ్లు ఆ సోలార్ పార్కు చూసే ఉంటారు. సుమారు 13 వేల ఎకరాలు, 2,050 మెగావాట్లు. అక్కడ రైతుల భూమి కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయలతో మొదలుపెట్టి, రెండేళ్లకోసారి 5 శాతం పెంచే ఒప్పందం. వానల్లేని నేలకు అది ఆసరానే. కానీ భూమి లేని కూలీలకు, గొర్రెల కాపరులకు ఆ కౌలు రాదు కదా!

2030 నాటికి బొగ్గు, గ్యాస్ కాని వనరుల నుంచి 500 గిగావాట్ల సామర్థ్యం తేవాలని దేశం పెట్టుకుంది. మేం దీనికి వ్యతిరేకం కాదు. ఎండలు ముదిరితే ముందు దెబ్బతినేది మన పురుగే. పగటిపూట త్రీఫేజ్ ఇస్తే మల్బరీ తోటకు నీళ్లు పెట్టడానికి అర్ధరాత్రి పాముల మధ్య వెళ్లే బాధ కూడా తప్పుతుంది.

మా బెంగ రాత్రి గురించే. పొద్దు కుంకితే సోలార్ ఆగిపోతుంది. పురుగు మాత్రం రాత్రీ పగలూ తింటుంది. చాకీ పురుగుకు 27-28 డిగ్రీలు, పెద్ద పురుగుకు 24-25 డిగ్రీలు ఉండాలి. చలికాలం రాత్రి రెండింటికి కరెంటు పోయి హీటర్ ఆగితే పురుగులన్నీ ఒకేసారి జ్వరానికి కూర్చోవు. అక్కడి నుంచి పంటంతా ఎగుడుదిగుడే.

శివనసముద్రం కరెంటు 1902లో కోలార్ బంగారు గనులకు, 1905లో బెంగళూరు వీధి దీపాలకు వచ్చింది. తీగల కింద ఉన్న పల్లెలు ఏళ్ల తరబడి కిరోసిన్ బుడ్లతోనే గడిపాయి. ఈసారి కూడా అలాగే జరిగితే ఊరుకోకూడదు.

అందుకే మేం అడిగేవి మూడు. బ్యాటరీల్లో, పంప్డ్ స్టోరేజీలో దాచే కరెంటులో పల్లె రాత్రి అవసరాన్ని ముందే లెక్కగట్టాలి. షెడ్డుకు ఇచ్చే సబ్సిడీతో పాటే పైకప్పు సోలార్‌కు, బ్యాటరీకి కూడా సాయం చేయాలి. నీళ్లున్న మల్బరీ నేలను పార్కుల జోలికి రానివ్వకూడదు.

అడగడానికి దారి ఉంది. 2003 విద్యుత్ చట్టం ప్రకారం, ఛార్జీలు నిర్ణయించే ముందు విద్యుత్ నియంత్రణ కమిషన్ జనం అభ్యంతరాలు, సూచనలు తీసుకోవాలి. కర్ణాటక కమిషన్ బెంగళూరులోనే ఉంది. ఆంధ్రా, తెలంగాణలకూ వాటి కమిషన్లున్నాయి. ఈసారి ప్రకటన రాగానే ప్రతి రైతు సంఘం నుంచి ఒక్క కాగితమైనా వెళ్లాలి. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు, ప్లాను వేసేవాళ్లు పెడతారా?